బండి రేకు పనిని నేర్పే ఏర్పాటు మన జిల్లాలో కావాలి

సంపాదకులకు,

నమస్కారం. పాత వాహనాలను తుక్కుకు పంపడం గురించి పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. వాటిని మళ్లీ రోడ్డెక్కించగల పనివారి ప్రస్తావన మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. మా నాన్నగారి 1968 నాటి ఫియట్ 1100 కారును రెండేళ్లుగా బాగుచేసుకుంటూ, తిరుపతిలోనే సొట్టలు తీసి బండి రేకు బాగుచేసే ఒక టింకరింగ్ మేస్త్రిగారి దగ్గర ఆ పనిని స్వయంగా నేర్చుకుంటున్నాను. ఆ అనుభవంలో తెలిసిన సంగతులను మీ పాఠకుల ముందూ, జిల్లా అధికారుల ముందూ ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇటలీకి చెందిన ఫియట్ సంస్థ అనుమతితో బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసిన బండి ఇది. 1970లలో ఇదే నమూనా ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుని దేశమంతటా తిరిగింది. మా కుటుంబం చిత్తూరు నుంచి తిరుపతికి తరలివచ్చింది ఈ బండిలోనే. నాన్నగారు పోయాక అది ఇంటి పక్క షెడ్డులో ఉండిపోయింది. 2021 నవంబరు వరదల్లో షెడ్డులోకి వచ్చిన నీరు తలుపుల కింది అంచు దాటి బండి లోపలికి చేరి, రెండు రోజులు నిలిచింది. నీరు తీసేశాక పైకి ఏ లోపమూ కనిపించలేదు కానీ, ఏడాది తిరిగేసరికి కాలు పెట్టిన చోట ఫ్లోరు రేకు కుంగింది. లారీకి ఉన్నట్టు ఈ బండికి విడిగా చాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. అందువల్ల తలుపుల కింద పెట్టెలాగా మూసి ఉండే రన్నింగ్ బోర్డు లోపలి నుంచి తుప్పు పడితే, అది చూపులకు సంబంధించిన లోపంగా మిగలదు. నడుము బలం పోయి, తలుపులు వాటి చోట్లలో సరిగా కూర్చోవడం మానేస్తాయి.

మొదట ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. వారు తుప్పు మీదనే రేకు ముక్క అతికించి, దాని మీద మందంగా లప్పం పూసి, రంగు కొట్టి వారం రోజుల్లో తిరిగి ఇచ్చారు. ఆరు నెలలు గడవకముందే రంగు కింద బుడగలు లేచాయి. ఒక రేకు మీద మరొక రేకు పడిన చోట మధ్య సందులో తేమ చేరుతుందనీ, లప్పం కూడా తేమను పీలుస్తుందనీ, మందంగా పూస్తే బండి అదురుకు పగులుతుందనీ నాకు తరువాత తెలిసింది. తీర్చిన రేకు మీద మిగిలిన సన్నని గీతలను పూడ్చడానికి లప్పం పనికివస్తుంది, రేకు చేయవలసిన పనిని అది చేయలేదు. డబ్బు పోయినందుకు కలిగిన బాధ కంటే, ఆ లప్పం గీకి చూసినప్పుడు కింద నాన్నగారి బండి రేకు జల్లెడలా కనిపించినందుకు కలిగిన బాధే ఎక్కువ.

అప్పుడు ఒక బంధువు చెప్పగా ఈ మేస్త్రిగారిని వెతుక్కుంటూ వెళ్లాను. అరవై దాటిన మనిషి. చిన్నతనంలో మద్రాసులో బస్సు బాడీలు కట్టే చోట పని నేర్చుకుని వచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, అరచేతితో తడిమి, పని చేస్తానన్నారు. నేను పక్కన కూర్చుని నేర్చుకుంటానంటే మొదట నవ్వి ఊరుకున్నారు. మూడో రోజు మాత్రం ఒక సుత్తి, ఒక డాలీ (రేకు వెనక ఆనించి పట్టే ఇనుప దిమ్మ), సొట్టలు పడిన పాత మడ్‌గార్డు ముక్క చేతికిచ్చి, "దీన్ని సాపు చెయ్ సార్, ఆ తరవాత మాట్లాడదాం" అన్నారు. ఆ ముక్క సాపు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఈ పనిలో మొదటి పాఠం రేకును చదవడం. దెబ్బ తగిలినప్పుడు మడతలు ఒకదాని తరువాత ఒకటి పడతాయి. అన్నిటికంటే చివర పడిన మడతను ముందుగా విప్పుకుంటూ, దెబ్బ తగిలిన చోటికి చివరన చేరుకోవాలి. తొందరపడి నడిమి గుంటనే లోపలి నుంచి బాదితే చుట్టూ ఉన్న మడతలు బిగుసుకుపోతాయి. మడత పడిన చోట రేకు గట్టిపడి ఉంటుంది కనుక అది తన చోటికి రావడానికి నిరాకరిస్తుంది, పక్కనున్న మెత్తని రేకే సాగిపోతుంది. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే.

రెండో పాఠం డాలీది. వెనక డాలీ పెట్టి, సరిగ్గా దాని మీదనే సుత్తి వేస్తే, మధ్యలో నలిగిన రేకు పలచబడి సాగుతుంది. పల్లంగా ఉన్న చోట డాలీని వెనక నుంచి ఒత్తి పట్టి, పక్కనున్న ఎత్తు మీద సుత్తి వేస్తే, ఎత్తు దిగుతూ పల్లం పైకి వస్తుంది, రేకు సాగదు. చెవికి కూడా ఈ తేడా తెలుస్తుంది, డాలీ మీద పడిన దెబ్బ గణగణమంటుంది, పక్కన పడినది మొద్దుగా వినిపిస్తుంది. నేను కొడుతుంటే మేస్త్రిగారు అటు తిరిగి వేరే పని చేసుకుంటూనే శబ్దాన్ని బట్టి తప్పు చెప్పేవారు.

ఇక సాగిపోయిన రేకును తిరిగి కుదించడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంది. వేలితో నొక్కితే టకటకమని లోపలికీ బయటికీ ఆడే చోట, గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, వెంటనే డాలీ ఆనించి చుట్టూ నుంచి మధ్యకు మెల్లగా తట్టి, తడిగుడ్డ అద్దుతారు. కాలిన చోటు వ్యాకోచించబోతే చుట్టూ ఉన్న చల్లని రేకు దానికి చోటివ్వదు, అందువల్ల ఆ మేర దళసరి అవుతుంది. చల్లారేటప్పుడు మాత్రం అది సంకోచించి చుట్టుపక్కల రేకును తన వైపు లాక్కుంటుంది. వాపు దిగినట్టు మన కళ్ల ముందే రేకు దిగుతుంది. నేను బడిలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. వ్యాకోచ సంకోచాల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణను ఎన్నడూ పిల్లలకు చూపలేకపోయాను.

వెనక చక్రం మీది వంపును తుప్పు పూర్తిగా తినేసి ఉండడంతో కొత్తగా చేయవలసి వచ్చింది. బాగున్న వైపు అట్ట పెట్టి కొలత తీసి, 20 గేజు సీఆర్ షీటు, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు రేకు కత్తిరించాం. ఇసుక సంచి మీద పరిచి కొయ్య సుత్తితో గుంట తీసి, దాగలికి బదులుగా వాడే రైలు పట్టా ముక్క మీద నునుపు చేశాం. తుప్పు పట్టినదంతా మంచి రేకు తగిలేదాకా కోసి, రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఎదురెదురుగా చేర్చి, సన్నని గ్యాస్ మంటతో చుక్కలు పెట్టుకుంటూ అతికాం. వేడిగా ఉండగానే అతుకును డాలీ మీద సాపు చేశాం. చేతి తొడుగు వేసుకుని కళ్లు మూసుకుని తడిమితే ఆ అతుకు ఎక్కడుందో ఇప్పుడు నాకు దొరకదు. మూరెడు రేకుకు పదకొండు రోజులు పట్టింది.

కంపెనీ వర్క్‌షాపులు సొట్ట పడిన భాగాన్ని తీసేసి కొత్తది బిగించడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఇప్పటి కార్లలో చాలా చోట్ల వాడే అధిక బలం గల ఉక్కును కాలిస్తే బలం తగ్గుతుంది, అక్కడ పాత పద్ధతి పనికిరాదు. కానీ లారీ క్యాబిన్లు, ట్రాక్టర్లు, పాత జీపులు ఈ జిల్లాలో ఎన్ని తిరుగుతున్నాయో అందరికీ తెలుసు. వాటికి ఈ చేతులే దిక్కు. మేస్త్రిగారి దగ్గర ఇప్పుడు పని నేర్చుకునే కుర్రవాడు ఒక్కడు కూడా లేడు. ఆయన కొడుకులిద్దరూ వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. మంట దగ్గరా, లప్పం దుమ్ములోనూ మాస్కు లేకుండా గడిచిన తండ్రి జీవితాన్ని చూసిన పిల్లలు ఇటు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే అవకాశాన్ని కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో కల్పించింది. బాడీ, చాసిస్, ఇంజను అసలు రూపంలోనే ఉండాలన్నది అందులో నిబంధన. అసలు రూపాన్ని కాపాడమని అడిగే ప్రభుత్వం, దాన్ని కాపాడగల పనివారిని కూడా గుర్తించాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి, తాళాలు చేసేవారు, సుత్తులు పనిముట్లు చేసేవారు అందులో ఉన్నారు. బండి రేకు పనివారు లేరు. అందువల్ల ఆ పథకం కింద శిక్షణ రోజుల భత్యం గానీ, పనిముట్లకు ఇచ్చే 15,000 రూపాయల సాయం గానీ మా మేస్త్రిగారి వంటివారికి అందదు. ఈ వృత్తిని జాబితాలో చేర్చవలసిందిగా మన పార్లమెంటు సభ్యులు కేంద్రాన్ని కోరాలి.

మరొకటి జిల్లా స్థాయిలోనే ఆలోచించదగినది. ఐటీఐ కోర్సుల జాతీయ జాబితాలో షీట్ మెటల్ వర్కర్, మెకానిక్ ఆటో బాడీ రిపేర్ అనే ట్రేడులు ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఐటీఐలలో అవి లేని చోట ప్రారంభించి, చదువు అర్హతలు చూడకుండా అనుభవజ్ఞులైన మేస్త్రీలను వారానికి రెండు రోజులైనా బోధనకు పిలిచి, తగిన పారితోషికం ఇవ్వాలి. రాతినీ, కొయ్యనూ, లోహాన్నీ శిల్పంగా మలచడాన్ని నేర్పే తితిదే శిల్ప శిక్షణా సంస్థ ఉన్న ఊరు మనది. చేతిపనికి గురువు అవసరమని ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

మా ఫియట్‌కు ఎడమ వైపు రన్నింగ్ బోర్డు, రెండు తలుపుల అడుగు భాగాలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆదివారం ఉదయాల్లో ఆ పని మా షెడ్డులోనే జరుగుతుంది. ఆసక్తి గల ఐటీఐ విద్యార్థులు నలుగురైదుగురు వస్తే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడానికి మేస్త్రిగారు ఒప్పుకున్నారు. అద్దాలు, మాస్కులు, చేతి తొడుగులు, అభ్యాసానికి పాత రేకులు నేను సమకూరుస్తాను. ఏ కళాశాల ప్రిన్సిపాల్ అయినా మీ కార్యాలయం ద్వారా కబురు పంపితే వెంటనే వచ్చి కలుస్తాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి