హైదరాబాదు నుంచి కడపకు బ్యాటరీ విమానం

ప్రియమైన మిత్రమా,

మన జీవితకాలంలో హైదరాబాదు నుంచి కడపకు బ్యాటరీ విమానంలో రాగలమా అని మొన్న ఫోనులో నువ్వు అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వారం రోజులుగా దొరికినదల్లా చదివాను. తెలిసినంత రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

చిక్కంతా బరువులోనే ఉంది. విమాన ఇంధనం కిలోకు సుమారు 12 కిలోవాట్ గంటల శక్తిని ఇస్తే, నేటి లిథియం బ్యాటరీ కిలోకు పావు కిలోవాట్ గంట ఇవ్వడమే గొప్ప. ఇంజను ఇంధనంలోని శక్తిలో ఇంచుమించు మూడో వంతే వాడుకోగలదు, మోటారు మాత్రం 90 శాతం దాకా వాడుకుంటుంది కాబట్టి ఆ తేడా 50 రెట్ల నుంచి 15, 20 రెట్లకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పైగా మామూలు విమానం ఇంధనం ఖర్చయ్యే కొద్దీ తేలికపడుతుంది. బ్యాటరీ విమానమైతే ఎక్కేటప్పుడు ఎంత బరువుందో దిగేటప్పుడూ అంతే బరువుంటుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఈ సంగతే.

అయినా పని ఆగలేదు. కరోనా లాక్‌డౌన్‌లో ఆగిన విమానాలు మన దేశంలో తిరిగి మొదలైన మూడు రోజులకే, 2020 మే 28న, అమెరికాలోని మోసెస్ లేక్‌లో విద్యుత్ మోటారు బిగించిన సెస్నా క్యారవాన్ అనే చిన్న విమానం అరగంటసేపు ఎగిరింది. ఆ జూన్‌లోనే స్లొవేనియాలో తయారైన పిపిస్ట్రెల్ వెలిస్ ఎలెక్ట్రోకు ఐరోపా విమానయాన భద్రతా సంస్థ ధ్రువీకరణ ఇచ్చింది; పూర్తిగా విద్యుత్తుతో నడిచే విమానానికి అటువంటి అనుమతి రావడం అదే మొదటిసారి. రెండు సీట్ల శిక్షణ విమానమది, ముక్కులో ఒక బ్యాటరీ, సీట్ల వెనుక మరొకటి, ఎగిరేది 50 నిమిషాలు. 2022 ఆగస్టులో కెనడాలో పాత బీవర్ నీటి విమానం ఒకటి విద్యుత్తుతోనే 24 నిమిషాల్లో 72 కిలోమీటర్లు వెళ్లింది. ఆ మరుసటి నెలలో, తొమ్మిది మంది ప్రయాణికుల కోసం రూపొందించిన ఎలిస్ అనే విద్యుత్ విమానం తొలిసారి గాలిలోకి లేచి 8 నిమిషాలకే దిగింది.

ఇవన్నీ దగ్గరి దూరాలే కదా అని తీసిపారేయకు. 2020 జూన్‌లో నాన్నకు ఒంట్లో బాగాలేదని ఢిల్లీ నుంచి వచ్చినప్పుడు, మధ్య సీటు దొరికినందుకు నాకొక తెల్లని గౌను ఇచ్చారు. మాస్కు మీద ముఖకవచం, చెమటకు మసకబారిన ప్లాస్టిక్, తిండి లేదు, పలకరింపు లేదు. శంషాబాదులో దిగాక అసలు కష్టం మొదలైంది. రాత్రంతా కారులో కూర్చుని, సరిహద్దు చెక్‌పోస్టులో కాగితాలు చూపించి, తెల్లవారాక కడప చేరాను. ఆఫీసు సమావేశాలు తెర మీదికి మారిపోయాయి, వాటి కోసం చేసే ప్రయాణాలు తగ్గినా నాకు బాధ లేదు. మంచంలో ఉన్న తండ్రిని చూడటానికి మాత్రం మనిషే రావాలి. మనవంటి చిన్న ఊళ్లకు కావలసింది సముద్రాలు దాటే విమానం కాదు, ఈ మూడు వందల కిలోమీటర్లు దాటించే విమానం.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి మార్గాల్లో కడప, హైదరాబాదు మార్గం కూడా ఉందని నీకు గుర్తుండే ఉంటుంది. గంట ప్రయాణానికి టికెట్టు ధర 2,500 రూపాయలు దాటకూడదని పరిమితి పెట్టారు, అందుకు ప్రభుత్వం సాయం అందించింది. ఇంధనం ఖర్చు తగ్గితే ఆ సాయం లేకుండానే ఇటువంటి మార్గాలు నిలబడతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. స్వీడన్‌లో మొదలైన హార్ట్ ఏరోస్పేస్ అనే సంస్థ 2022లో ప్రకటించిన 30 సీట్ల విమానం ప్రణాళిక ప్రకారం, కేవలం విద్యుత్తుతో 200 కిలోమీటర్లు, కొంత ఇంధనం తోడైతే 400 కిలోమీటర్లు వెళ్లాలి. పటం ముందు పెట్టుకుని స్కేలుతో కొలిచాను. శంషాబాదులో లేచి, కృష్ణా నది దాటి, దాదాపు నంద్యాల దాకా బ్యాటరీ మీదే రావచ్చు. అక్కడి నుంచి నల్లమల పక్కగా కడప దాకా మిగిలిన వంద కిలోమీటర్లకే ఇంధనం కావాలి.

నీ
మిత్రుడు