గ్రీన్‌రూమ్‌లోకి కూడా ఒక టిఫిన్ ప్లేటు పంపండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను మైలాపూరులో 22 ఏళ్లుగా డ్యాన్స్ డ్రెస్సులు కుడుతున్నాను. మాది గూడూరు, పెళ్లయ్యాక మద్రాసు వచ్చేశాం. భరతనాట్యం, కూచిపూడి పిల్లల కొలతలన్నీ నా పుస్తకంలో ఏడాదివారీగా ఉంటాయి. ఆ పుస్తకం తిరగేస్తుంటేనే, స్టేజి ఎక్కే పిల్లల తిండి గురించి ఈ ఉత్తరం రాయాలనిపించింది.

కిందటేడు ఆగస్టులో ఒక అమ్మాయికి కంచిపట్టుతో డ్రెస్సు కుట్టాను. 19 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ నా దగ్గరే కుట్టించుకుంటోంది. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి సభలు (కచేరీలు ఏర్పాటు చేసే సంస్థలు) నడిపే సీజన్‌కు ముందు, నవంబరు నెలాఖరున మరోసారి వేసి చూద్దామని వస్తే, నడుము దగ్గర నా మూడు వేళ్లు దూరాయి. "సీజన్‌కి బాగా తగ్గిందండీ" అంది వాళ్లమ్మ సంతోషంగా. "అవునమ్మా, స్టేజి మీద చక్కగా కనిపిస్తావు" అన్నాను నేనూ. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధపడుతున్నాను. జాకెట్టు చంక దగ్గర చూద్దామని చేతులు పైకెత్తమన్నాను. ఎత్తింది, కళ్లు తిరిగి స్టూలు మీద కూలబడింది. పొద్దున్నుంచి ఏం తిన్నావే అంటే "కాఫీ తాగాను ఆంటీ" అంది. అప్పటికి మధ్యాహ్నం రెండున్నర.

డిసెంబరులో కాలినొప్పి మొదలైంది. స్కాన్ తీస్తే మోకాలి కింద ఎముకలో సన్నని చీలిక కనబడింది. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. డాక్టరమ్మ ముందుగా నెలసరి సంగతి అడిగారట. ఐదు నెలలుగా రావడం లేదు. ప్రాక్టీసు ఎక్కువైతే అలాగే ఆగిపోతుందిలే అని తోటి పిల్లలు చెబితే నమ్మి, తల్లికి కూడా చెప్పలేదు. సీజన్ మొత్తం ఇంట్లోనే కూర్చుంది. పేరు వద్దు, విషయం మాత్రం రాయండి అని తనే నాతో అంది.

మా అమ్మాయి న్యూట్రిషన్ చదివింది. తను విడమరిచి చెప్పాక నాకు అర్థమైంది. తిన్నదాంట్లో ఆటకు ఖర్చయింది పోగా మిగిలినదానితోనే మిగతా ఒళ్లంతా నడవాలి. అది చాలకపోతే శరీరం అత్యవసరం కాని పనులు ఒక్కొక్కటే ఆపేస్తుంది. నెలసరి అందులో ఒకటి. అది ఆగితే ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక పలచబడుతుంది. ఆ ఎముకతోనే రోజూ మూడు నాలుగు గంటలు నేలను తన్నాలి. ఈ స్థితిని ఒలింపిక్ కమిటీ వాళ్లు 2014లోనే గుర్తించి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. మగపిల్లలకూ వస్తుందట. ఎముక బలం కూడబెట్టుకునే వయసు ముప్పై లోపే. సరిగ్గా ఆ ఏళ్లే మన పిల్లలు స్టేజి ఎక్కే ఏళ్లు.

కచేరీ రోజు ఎలా గడుస్తుందో ప్రేక్షకులకు తెలియదు కాబట్టి చెబుతాను. ఆరు గంటల ప్రోగ్రాం అంటే మూడింటికే మేకప్‌కి కూర్చోవాలి. ఇంట్లో తినేది పదకొండింటికి, అదీ పొట్ట కనబడకూడదని రెండు ముద్దలు. జడ, పూలు, నగలు, వడ్డాణం అన్నీ బిగించాక ఇక తినడానికి ఉండదు. నీళ్లు కూడా తాగరు. మేం కుట్టే డ్రెస్సుకు ఎన్ని హుక్కులు, ఎన్ని నాడాలు! ఒకసారి కట్టాక బాత్రూముకు వెళ్లాలంటే ఇద్దరు సాయం కావాలి, గ్రీన్‌రూమ్ (స్టేజి వెనక మేకప్ గది) దగ్గర శుభ్రమైన బాత్రూము ఉండాలి. చాలాచోట్ల ఉండదు. అందుకని మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేస్తారు. చెన్నై ఉక్కలో, లైట్ల వేడిలో వర్ణం అనే పెద్ద అంశం ఒక్కటే అరగంట పైన. కూచిపూడి పిల్ల అయితే చివర్లో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడాలి. అన్నీ విప్పి ఇంటికి చేరేసరికి పది. అప్పుడు అలసటతో అన్నం సహించదు.

అదే సమయంలో ఆ గోడకు అవతల సభా క్యాంటీనులో పొంగలి, వడ, కాఫీ కోసం జనం బారులు తీరి ఉంటారు. వాళ్లు తినడం తప్పని నేను అనను, నేనూ తిన్నదాన్నే. ఆ వంటింటి నుంచి ఒక్క ప్లేటు గ్రీన్‌రూమ్‌కు ఎందుకు రాదన్నదే నా బాధ. లైట్లకు, మైకులకు, హాలు అలంకరణకు బడ్జెట్ రాసుకుంటారు కదా. ఆడే మనిషి తిండి ఆ కాగితంలో ఉండదు.

పెద్ద ఖర్చేమీ కాదు. మేకప్‌కి ముందు కడుపునిండా పెరుగన్నం. స్టేజికి గంట ముందు ఒక అరటిపండు, రెండు ఇడ్లీలు, ఉప్పేసిన మజ్జిగ. దిగిన వెంటనే గుగ్గిళ్లో, పప్పన్నమో. తినేవాళ్లకు ఉడికించిన గుడ్డు. ఇంట్లో అయితే రోజూ రాగిజావ. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటప్పుడు భోజనం బదులు కాఫీ తాగే అలవాటు ఎంత ప్రమాదమో చూడండి. భోజనానికి ముందొక గంట, తర్వాతొక గంట కాఫీ, టీ వద్దని ఆ సంస్థే 2024లో చెప్పింది, తిండిలోని ఇనుము ఒంటికి పట్టదని.

గురువులకు చేతులెత్తి ఒక మనవి. వెంపటి చినసత్యం గారు 1963లో ఇక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన నాటి నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు తమ పిల్లలను మద్రాసు గురువుల చేతుల్లో పెట్టాయి. మీరు అన్న మాట పిల్లలకు వేదం. క్లాసులో అందరి ముందూ నడుము గురించి, లావు గురించి అనకండి. అరమండిలో, మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, అంతసేపు నిలబడాలంటే తొడల్లో సత్తువ ఉండాలని మీకు నేను చెప్పనక్కర్లేదు. మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలని పెద్ద పిల్లలకు మీరే చెబితే వింటారు.

నా వంతు నేను మొదలుపెట్టాను. "తగ్గావు" అనే మాట నా షాపులో మానేశాను. ప్రతి డ్రెస్సుకూ లోపల రెండంగుళాల బట్ట వదులుతున్నాను, ఎప్పుడైనా విప్పి వదులు చేసుకోవచ్చు. ఆ అమ్మాయి మళ్లీ క్లాసుకు వెళుతోంది. తన డ్రెస్సు నడుము దగ్గర పోయిన వారమే అంగుళంన్నర వదిలాను.

ఈ డిసెంబరు, జనవరి కార్యక్రమాల పట్టిక సభలవాళ్లు ఇప్పటికే వేసుకుంటూ ఉంటారు. కళాకారులకు పంపే ఉత్తరంలో గ్రీన్‌రూమ్‌లో ఏ టైముకు ఏం పెడతారో, బాత్రూము ఎక్కడుందో రెండు లైన్లు చేర్చగలరా? ఏ సభ చేరుస్తుందో, ఏది చేర్చదో కార్యదర్శులు మీ పత్రిక ద్వారానే చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డ్యాన్స్ డ్రెస్సుల టైలరు,
మైలాపూరు, చెన్నై