అగస్టస్ సెనేట్‌ను రద్దు చేయలేదు

సంపాదకులకు,

మీ ఆదివారం పిల్లల పేజీలో రోమ్‌ను ఏలిన అగస్టస్ మీద వచ్చిన వ్యాసం చదివి పది రోజులైంది. సవరణ వేస్తారని రోజూ పేపరు తిరగేస్తున్నాను. వేయలేదు. ‘సెనేట్‌ను రద్దు చేసి కిరీటం పెట్టుకున్నాడు’ అని రాశారు. ఆయన రోమ్ పెద్దల సభ అయిన సెనేట్‌నూ రద్దు చేయలేదు, రాజుననీ ప్రకటించుకోలేదు!

క్రీ.పూ. 44లో రోమ్ నియంత జూలియస్ సీజర్ హత్య జరిగేనాటికి ఈ అగస్టస్‌కు (అప్పటికి ఆక్టేవియన్) 18 ఏళ్లు. చేతిలో ఉన్నది వీలునామాలో దత్తపుత్రుడన్న పేరొక్కటే. సీజర్ జనానికి తలా 300 సెస్టర్సులు (రోమన్ నాణేలు) రాసిపోతే, సీజర్ సహచరుడు ఆంటొనీ కదలకపోవడంతో సొంత ఆస్తులు అమ్మి పంచాడు. సీజర్ పాత సైనికులను డబ్బిచ్చి కూడగట్టి, ఏడాది తిరక్కుండానే వాళ్లను రోమ్ మీదికి నడిపించాడు. అట్లా 19 ఏళ్లకే కాన్సుల్ అయ్యాడు, అంటే ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారుల్లో ఒకడు. ఆ తర్వాత ఆంటొనీతో, మరో సేనాని లెపిడస్‌తో కలిసి చంపాల్సినవాళ్ల జాబితాలు రాశాడు. తనకు అండగా నిలిచిన సెనేటర్, మహావక్త సిసిరోను కూడా వదల్లేదు. మీ వ్యాసంలో ఈ నెత్తురు ఊసే లేదు.

ఆక్టియం నౌకాయుద్ధంలో ఆంటొనీని ఓడించిన తర్వాత, క్రీ.పూ. 27లో, అధికారమంతా సెనేట్‌కు అప్పగిస్తున్నానన్నాడు. సెనేట్ ఆయన చేతికే స్పెయిన్, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), సిరియాలను తిరిగి పెట్టింది. సైన్యంలో ఎక్కువ భాగం ఉన్నది అక్కడే! ధాన్యం పండే ఈజిప్టులో ఆయన అనుమతి లేకుండా ఏ సెనేటరూ అడుగు పెట్టకూడదు. క్రీ.పూ. 23లో కాన్సుల్ పదవి వదులుకుని, ట్రిబ్యూన్ (సామాన్య జనం ప్రతినిధి) అధికారాలు జీవితాంతం తీసుకున్నాడు. దాంతో ఎవరి నిర్ణయాన్నయినా అడ్డుకునే హక్కు దక్కింది. మరుసటి ఏడాది జనం నియంతవు కమ్మని బతిమాలితే ఒప్పుకోలేదు. సెనేట్ కూర్చుంటూనే ఉంది, కాన్సుళ్లు మారుతూనే ఉన్నారు. క్రీ.శ. 14లో చనిపోయేదాకా ఇదే పద్ధతి. పేరుకు పాత వ్యవస్థ, పగ్గాలు మాత్రం తన చేతిలో: పిల్లలకు చెప్పవలసిన ఈ అసలు సంగతిని మీరు ఒక్క వాక్యంతో చెరిపేశారు.

మీ ఒక్కరినే అని ఏం లాభం? మా నల్లగొండ జిల్లాలో అగస్టస్, ఆయన తర్వాత ఏలిన టైబీరియస్‌ల వెండి నాణేలు దొరికాయి. ఉద్యోగంలో ఉండగా ఒక మ్యూజియానికి పిల్లలను తీసుకెళితే, రోమన్ నాణేల కింద ‘పాత నాణేలు’ అన్న చీటీ ఉంది. అడిగితే అక్కడి అధికారి విసుక్కున్నాడు. ‘చరిత్ర మార్కులకు పనికిరాదు’ అని బడిలో ఆ పీరియడు లెక్కలకు ఇచ్చేసిన రోజులూ చూశాను.

సవరణ ఏదో మూలన రెండు పంక్తుల్లో వద్దు. అదే పిల్లల పేజీలో, ఆ వ్యాసానికి వాడినంత పెద్ద అక్షరాల్లోనే వేయండి.

– విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, నల్లగొండ