స్పీజ్ స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న ఆవిడకి

నిన్న తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగి, మధ్యాహ్నానికి విజయవాడ ఇల్లు చేరాం. సూట్‌కేసులు హాల్లో అలాగే పడున్నాయి. కాళ్లు వాచిపోయాయి, ఒళ్లు తెలియడం లేదు. అయినా ఈ నాలుగు మాటలూ రాస్తేగానీ నిద్ర పట్టేలా లేదు.

36 రోజులు, 7 దేశాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టి పారిస్ దాకా అంతా రైళ్ల మీదే. మావారు గూడ్స్ గార్డుగా చేరి, మెయిల్ గార్డుగా రిటైరయ్యారు. ఆయనకి ఐఫిల్ టవర్ కన్నా ఆస్ట్రియాలో సెమరింగ్ కొండ లైను ముఖ్యం. 1854లో మొదలైన లైను అది. వంతెన వచ్చినప్పుడల్లా కిటికీకి మొహం ఆనించేసేవారు. గొట్టార్డ్ కొండల కింద 57 కిలోమీటర్ల సొరంగంలో అయితే వాచీ చేత్తో పట్టుకుని నిమిషాలు లెక్కపెట్టారు. టికెట్లు, హోటళ్లు పిల్లలే చూశారు, అల్లుడు రోజూ ఫోన్ చేశాడు. సంతోషం.

ఇక ఆ రోజు సంగతి. స్విట్జర్లాండ్‌లో 1913 నాటి లోచ్‌బెర్గ్ పాత కొండ దారిలో బ్రిగ్ వెళ్దామని బెర్న్‌లో రైలెక్కాం. ఆ రైలు స్పీజ్‌లో రెండుగా విడిపోతుంది. ఒక సగం బ్రిగ్‌కి, రెండో సగం జ్వైసిమెన్‌కి. ఒకప్పుడు మన లింక్ ఎక్స్‌ప్రెస్‌లని విడదీసినట్టే. మావారు ఊరుకోగలరా? "కప్లింగ్ ఎలా విప్పుతారో చూసొస్తా, ఇక్కడే కూర్చో" అని దిగారు. తలుపులు మూసే చప్పుడు విని, దగ్గర్లో కనబడ్డ తలుపులోకి ఎక్కేశారు. అది జ్వైసిమెన్ సగం. నా కళ్లముందే ఆ పెట్టెలు ఒక పక్కకి, నేను ఇంకో పక్కకి.

ఆయన షుగర్ మనిషి. పొద్దున ఇన్సులిన్ వేసుకుని, బ్రెడ్ సగం తిని వదిలేశారు. గ్లూకోజ్, మందులు, ఆయన ఫోను, ఆ ఫోన్‌లోనే ఇద్దరి రైలు పాసులు, అన్నీ నా సంచిలో ఉన్నాయి. ఆయన దగ్గర పర్సు తప్ప ఏమీ లేదు. నాకు నోరు ఎండిపోయింది. లేచి నిలబడి "మావారు, మావారు" అంటున్నానట, తెలుగులోనే.

ఎదురు సీట్లో ఒకావిడ. అరవై దాటి ఉంటాయి, మట్టి అంటిన బూట్లు, ఒళ్లో అట్టపెట్టెలో మూడు టమాటా నారు కుండీలు. ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. తను దిగాల్సింది కాండర్‌స్టెగ్‌లో. నా చెయ్యి పట్టుకుని నాతో పాటు ఫ్రూటిగెన్‌లోనే దిగిపోయింది. ఫోన్లో ఎవరెవరితోనో గట్టిగా మాట్లాడింది. ఎదురు రైల్లో నన్ను మళ్లీ స్పీజ్ తీసుకొచ్చి, ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చోబెట్టింది. కింద థూన్ సరస్సు, పైన నీసెన్ కొండ. అంత అందం ముందు కూర్చుని నేను ఆయన షుగర్ ఎంతకి పడిపోయిందోనని వణుకుతున్నాను. సీసా నీళ్లు సగం నాకు తాగించి, మిగిలినవి ఆ మొక్కలకి పోసింది.

కాసేపటికి ఆవిడకి ఫోన్ వచ్చింది. మాట్లాడి, ఏదో టైపు చేసి, ఫోను నా చెవి దగ్గర పెట్టింది. మెషీన్ గొంతు, తెలుగులో: "మీ భర్త కూర్చున్నాడు. యాపిల్ రసం తాగాడు. వస్తున్నాడు."

మా ఇంట్లో ఆయన్ని "తాగాడు, వస్తున్నాడు" అన్నవాళ్లు లేరు. ఆ మాటలు మూడుసార్లు మళ్లీ పెట్టించుకుని విన్నాను. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. వీపు మీద చెయ్యి వేసి, ఆయన రైలు వచ్చేదాకా తియ్యలేదు. తను ఎక్కాల్సిన రైళ్లు రెండు వదిలేసుకుంది. ఆయన దిగి నా దగ్గరికి వచ్చాక, మా ఇద్దరినీ ఒకసారి చూసి, కుండీల పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది. పేరడిగితే చెయ్యి ఊపింది, అంతే.

ఒక్క మాట బాధతో చెప్పాలి. ఆ గంటన్నర నా దగ్గర ఫోను ఉంది, కార్డు ఉంది, డబ్బు లేదు. మా బ్యాంకు ఓటీపీ ఆయన ఇండియా సిమ్‌కే వస్తుంది, ఆ సిమ్ ఆయన పర్సులో. నా నంబరు కూడా పెట్టండని బయల్దేరే ముందు రెండుసార్లు వెళ్లి అడిగాను. కుదరదన్నారు. ముప్పై ఏళ్ల ఖాతా అది. పెద్దవాళ్లు పరాయి దేశంలో ఒకరికొకరు దూరమైతే ఏం చెయ్యాలో ఆలోచించేవాళ్లు ఎవరూ లేరా?

అయ్యో, ఆయనకి రసం తాగించిన జ్వైసిమెన్ రైలు కండక్టర్ గురించి ముందే చెప్పాల్సింది. పాస్ చూపించలేని మనిషికి జరిమానా వెయ్యలేదు సరికదా, తన సీట్లో కూర్చోబెట్టి, తిరుగు రైలు కూడా తనే ఎక్కించాడు. బాబూ, నీకు దణ్ణం. వియన్నాలో మా పెట్టెలు మోసిన కుర్రాడికి, వెరోనాలో మోకాలి పట్టీ తనే కట్టిన మందుల షాపు అమ్మాయికి, మ్యూనిక్‌లో పప్పూ అన్నం పెట్టిన మన గుంటూరు పిల్లలకి కూడా. పక్కింటి వదినగారు 36 రోజులూ తులసికి నీళ్లు పోశారు, ఆవిణ్ణి మర్చిపోతే పాపం.

ఇది చదివే మన పిల్లలెవరైనా స్పీజ్, కాండర్‌స్టెగ్ వైపు ఉంటే, జర్మన్‌లోకి మార్చి అక్కడివాళ్లకి చూపించండి. మే నెల, మూడు టమాటా కుండీలు, మట్టి బూట్లు. ఆవిడకి తెలుస్తుంది.