పాప గురించి నీకు వెంటనే చెప్పాల్సిన కబురు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరాలకు జవాబు రాయకుండా ఇంతకాలం ఊరుకున్నందుకు మన్నించు. ఇంట్లో అందరం కులాసా, అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, నా ఉద్యోగం మామూలే. మిగిలిన కబుర్లు తర్వాత. ఈరోజు కోర్టులో జరిగింది నీతో చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

అక్కా బావా పోయినప్పటి నుంచి పాప మా దగ్గరే పెరుగుతున్నా, కాగితాల మీద మేము దానికి ఏమీ కామని నీకు తెలుసు. దాని పేరిట బావ వేసిన డిపాజిట్ గడువు తీరగానే కోర్టు ఉత్తర్వు తెమ్మన్నారు. పాప బాగోగులతో పాటు ఆస్తి బాధ్యత కూడా కోరుతున్నాం కనుక, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, అది నివసించే చోటి జిల్లా కోర్టులో పిటిషన్ వేశాం. సంరక్షకుడిగా ఉండడం నాకు సమ్మతమేనని తెలిపే ప్రకటన మీద ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి కదా, వారిలో ఒకడివి నువ్వు. జడ్జిగారు ఫైలు తిరగేస్తుంటే నీ సంతకం తోక అల్లంత దూరం నుంచే కనిపించింది. ఆ తోక గురించి మన లెక్కల మాస్టారు అన్న మాట గుర్తొచ్చి, అంత ఆందోళనలోనూ గుండె కాస్త కుదుటపడింది.

దగ్గరి బంధువులకు నోటీసులు వెళ్ళాక పాప బాబాయి కౌంటరు వేశాడు. పిల్ల తమ ఇంటిపేరుది కనుక తండ్రివైపు వారికే హక్కుందని, నా కన్నంతా బావ కట్టిన ఇంటి మీదేనని అందులో రాయించాడు. ఆ రెండో మాట చదివిన రాత్రి నేనెలా ఉన్నానంటే... వద్దులే, అది ఇప్పుడు రాయలేను. మొదటి మాటకు మాత్రం మా వకీలుగారు గట్టిగానే జవాబిచ్చారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం పెళ్ళికాని బిడ్డకు సహజ సంరక్షకులు తల్లిదండ్రులేనని, వారు లేనప్పుడు బాబాయికైనా మేనమామకైనా దానంతటదే వచ్చే హక్కేమీ లేదని, కోర్టు అన్నింటికన్నా ముందు చూసేది బిడ్డ క్షేమమేనని ఆయన వాదించారు. పిల్ల వయసు, అడిగేవాడి నడత, బంధుత్వం ఎంత దగ్గరిది, పోయిన తల్లిదండ్రుల కోరిక ఏమిటి అన్నవన్నీ కోర్టు పరిశీలిస్తుంది; ఊహ తెలిసిన పిల్లయితే దాని ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. అందుకే జడ్జిగారు ఈరోజు పాపను చాంబర్లోకి పిలిపించి, మమ్మల్నందరినీ బయటే ఉండమన్నారు.

వరండాలో ఉన్నది ఒకే బల్ల. ఆ చివర పాప బాబాయి, ఈ చివర నేను, మధ్యలో పాప వదిలివెళ్ళిన నీళ్ళ సీసా. చాలాసేపు ఇద్దరం మూసి ఉన్న ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి అతను, నా వైపు తిరగకుండానే, "దానికి రాత్రిళ్ళు ఆయాసం ఇంకా వస్తోందా?" అని అడిగాడు. డాక్టరు ఇన్‌హేలర్ మార్చాక చాలా తగ్గిందని చెప్పాను. "అన్నయ్యకూ చిన్నప్పుడు అంతే, రాత్రంతా నేనే వీపు రాసేవాణ్ణి" అంటూ ఆ సీసా మూత బిగించి పక్కన పెట్టాడు. కౌంటరు చదివినప్పటి నుంచి నేను మోస్తున్న కోపం ఆ ఒక్క మాటతో సగానికి సగం కరిగిపోయింది. అన్నను పోగొట్టుకున్నవాడు అన్న కూతుర్ని కూడా పోగొట్టుకుంటానేమోనని భయపడితే, ఆ భయం వకీలు చేతిలో ఎలాంటి రాతగా మారుతుందో నాకప్పుడు అర్థమైంది.

తర్వాత జడ్జిగారు మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచారు. మామయ్య ఇంట్లోనే ఉంటానని పాప చెప్పిందట, చెప్పి, "బాబాయి మా ఇంటికి రావడం ఎందుకు మానేశాడు?" అని తిరిగి జడ్జిగారినే అడిగిందట. ఆ మాట విని అతను నిలువునా కదిలిపోయాడు. సెలవుల్లో పాపను తన దగ్గరికి పంపితే చాలని, తనకు అభ్యంతరం లేదని అక్కడికక్కడే మెమో వేయించాడు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. నన్ను సంరక్షకుడిగా నియమిస్తూ జడ్జిగారు ఉత్తర్వు చెప్పారు.

షరతులు చాలానే ఉన్నాయి. కోర్టు అనుమతి లేకుండా ఆ ఇల్లు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, 5 ఏళ్ళకు మించి లీజుకివ్వకూడదు. పాప ఆస్తి జాబితా 6 నెలల్లో దాఖలు చేయాలి, లెక్కలు చూపాలి. అవి ఒక్కొక్కటే చదువుతుంటే అతని ముఖం తేటపడడం చూశాను. అతను నాపై వేసిన అనుమానానికి నేనెన్ని ప్రమాణాలు చేసినా చెప్పలేని జవాబు ఆ షరతుల్లోనే ఉంది కనుక, వాటిలో ఒక్కటి కూడా నాకు బరువనిపించలేదు. అక్క ఉంటే ఈరోజు...

పాపను బడి నుంచి తీసుకురావాల్సిన వేళ దాటిపోతోంది, ఇక ఆపేస్తాను. కోర్టుకు బాండు రాసివ్వాలి, దానికి జామీనుదారు కావాలి. నువ్వే ఉండాలని నా కోరిక. ఎప్పుడు రాగలవో వెంటనే రాయి.

నీ మిత్రుడు