సూక్ష్మజీవులన్నీ క్రిములు కావు

సంపాదకులకు నమస్కారం.

మొన్న హన్మకొండలోని ఒక ప్రయోగశాల ముందు 'మైక్రోబయాలజీ' బోర్డు చూపి, ఒక పెద్దాయన "గిదేం పరీక్ష బిడ్డా?" అని అడిగితే, "క్రిముల పరీక్ష" అన్నాను. ఆ జవాబు చాలదని తరువాత తోచి ఈ లేఖ రాస్తున్నాను.

గ్రీకులో మైక్రోస్ అంటే చిన్నది, బయోస్ అంటే జీవితం; కంటికి ఆనని జీవులను అధ్యయనం చేసేదే సూక్ష్మజీవశాస్త్రం. 1676లో డచ్చి వర్తకుడు లీవెన్‌హుక్ తాను చేసుకున్న కటకంతో బ్యాక్టీరియాను చూసి లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. పాలను పెరుగుగా మార్చే తోడులో ఉన్నవీ, కంది, పెసర వేళ్ల బుడిపెల్లో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం అనే బ్యాక్టీరియా కూడా ఈ జీవులే; మన రైతులకు ఇంతగా మేలు చేసే వాటిని 'క్రిమి' అనడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

పత్రికలు సైతం బ్యాక్టీరియాను, వైరస్‌ను, శిలీంధ్రాన్ని ఆ ఒక్క మాట కిందికే చేర్చడం వల్ల, వైరస్ వల్ల వచ్చే జలుబుకు కూడా, దానిపై ఏమాత్రం పనిచేయని యాంటీబయాటిక్ మాత్రలను కొని మింగేవారు మా వీధిలోనే ఉన్నారు. మీ ఆరోగ్య పుటలో ఏ రోగానికి ఏది కారణమో దాని పేరుతోనే రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్