శనివారం లంచ్ ఫోర్త్ స్ట్రీట్‌లో!

అందరికీ హాయ్! మన బ్లూమింగ్టన్‌కి (అమెరికాలోని ఇండియానా రాష్ట్రం) కొత్తగా వచ్చినవాళ్లు నూడుల్స్, పిజ్జాలతోనే నెట్టుకొస్తున్నారని తెలిసింది. ఇక చాలు.

శనివారం ఉదయం 10కి సిటీ హాల్ పక్కన ఫార్మర్స్ మార్కెట్ దగ్గర కలుద్దాం. టమాటాలు, మొక్కజొన్న పొత్తులు తాజాగా ఉంటాయి, సంచి తెచ్చుకోండి.

12కి అక్కడి నుంచి నడిచి ఫోర్త్ స్ట్రీట్‌కి. పాత ఇళ్లనే రెస్టారెంట్లు చేశారక్కడ. మెట్లెక్కి వరండా దాటి లోపలికెళ్తే చుట్టాలింటికి భోజనానికి వెళ్లినట్టుంటుంది. థాయ్, ఇండియన్ కూడా ఉన్నాయి కానీ నా ఓటు లిటిల్ టిబెట్‌కే. దలైలామా అన్నగారు మన ఇండియానా యూనివర్సిటీలోనే ప్రొఫెసర్‌గా చేశారు తెలుసా? టిబెట్‌తో ఈ ఊరి బంధం పాతదే.

బీఫ్ తిననివాళ్లు మోమోలు ఆర్డర్ చేసేముందే లోపల ఏముందో అడగండి. పిజ్జా మీది పెప్పరోనీ విషయంలోనూ అంతే, అందులో సాధారణంగా పోర్క్, బీఫ్ రెండూ కలుపుతారు.

గురువారం రాత్రిలోగా పేరు, వెజ్జా నాన్‌వెజ్జా ఇక్కడే పెట్టండి, టేబుల్ చెప్పాలి. శనివారం పొద్దున "నేనూ వస్తా" అంటే కుర్చీ గ్యారంటీ లేదు.

ఎవరి బిల్లు వారిదే. టిప్ 18–20 శాతం లెక్కేసుకోండి, మెనూ ధర చూసి మోసపోవద్దు!

కార్లున్నవాళ్లు ఎన్ని సీట్లు ఖాళీయో చెప్పండి ప్లీజ్.